ఉత్తరపు కిటికీలో పసుపు ముఖాలు

మే 6, మంగళవారం

వీధి అవతల వెల్డా తన బ్యూటీ పార్లర్ గోడకి రంగు వేయిస్తోంది. పొద్దున్నే నిచ్చెన, ఇద్దరు మనుషులు, నాలుగు డబ్బాలు దిగాయి. నాకేం. ఎవరి గోడ వాళ్ళిష్టం.

మా వీధి ఎంత ఇరుకంటే నా కుర్చీలో కూచుంటే ఆమె తలుపుకి కట్టిన గంట కూడా కనబడుతుంది. నాలుగేళ్ళుగా నేను అటు చూడటం లేదు కాబట్టి సరిపోయింది. ఈరోజు ఎర్ర స్వెటర్ వేసుకుంది. ఆమెకి నప్పదు.

చెవుల పని మొదలైంది. మే వచ్చిందంటే పడవలవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ముఖం కడుక్కుని, నా ఉత్తరపు కిటికీ ముందు టోపీ తీసి కూచుంటారు. చెవులు, ముక్కు, మెడ వెనక, సముద్రపు ఎండకి చర్మపు కాన్సర్ మొదలయ్యే చోట్లు. ఎక్కడైనా మచ్చ మారినట్టు కనిపిస్తే క్లినిక్‌కి చీటీ రాసిస్తాను. పద్దెనిమిదేళ్ళలో రెండు చీటీలు నిజమయ్యాయి. ఆ ఇద్దరూ బతికే ఉన్నారు, క్రిస్మస్‌కి చేప పంపిస్తారు. ఈ మొండి మనుషులు డాక్టరు మాట వినరు, భార్యల మాట అసలే వినరు. ఈ ఆర్డిత్ కన్ను పడితే మాత్రం మారుమాట్లాడకుండా క్లినిక్‌కి పోతారు. ఆ మాట పోతే నా కొట్టులో మిగిలేవి క్రీము సీసాలే.

మే 9, శుక్రవారం

గోడ పూర్తయింది. గుడ్డు పచ్చసొన రంగు. ఊళ్ళో అందరికీ నచ్చిందట. అందుకే నాకు నచ్చలేదు.

ముందు వైపంతా అదే. మధ్యాహ్నం ఎండ పడితే కళ్ళు చికిలించుకోవాల్సి వస్తోంది. కావాలనే చేసి ఉంటుంది.

మే 12, సోమవారం

మంచి ఎండ. చర్చిలో ఆర్గన్ వాయించే యూనిస్ వచ్చింది. ముఖం కడుక్కోమని, కుర్చీలో కూచోబెట్టి, గడ్డం కింద తెల్ల తువ్వాలు కప్పాను. పక్కన తెలుపు ఉంటే చర్మం తన రంగు దాచుకోలేదు. చూద్దును కదా, మనిషి పసుపుగా ఉంది. బుగ్గలు, నుదురు, మెడ, అంతా. కళ్ళలో తెల్లగుడ్డు కూడా.

ఆకలి ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందంది. బాగానే ఉందనేవాళ్ళతోనే భయం. కామెర్లని చీటీ రాసిచ్చి, రక్తం పరీక్ష చేయించుకోమన్నాను. పాపం కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

ఇదే వెల్డా దగ్గరికి పోయి ఉంటే? గుండ్రటి దీపాలు నాలుగు వెలిగించి, "పీచ్ పండులా గులాబీ రంగులో ఉన్నావు యూనిస్" అని పంపించేది. మేం విడిపోయింది దానికే. పంతొమ్మిదేళ్ళు ఒకే కొట్టులో పనిచేశాక ఒకనాడు ఆ దీపాలు తెచ్చింది. జనం మన దగ్గరికి నిజం కోసం రారు, సంతోషంగా ఇంటికి పోవడానికి వస్తారంది. ముఖాన్ని పగటి వెలుగులో తప్ప చూడనన్నాను. కుర్చీ, కత్తెర్లు, మంచి టీ కుండ తీసుకుని వీధి దాటింది. కుండ నాది.

తువ్వాళ్ళు పసుపెక్కుతున్నాయి. సబ్బు పొడి మార్చాలి.

మే 15, గురువారం

మబ్బు. ఆరుగురిని చూశాను. అందరూ శుభ్రంగా ఉన్నారు.

మే 16, శుక్రవారం

ఎండ. లైబ్రరీలో పనిచేసే గ్రేటా పసుపు. రేవులో పడవలకి రంగులు వేసే లోర్న్ మరీ పసుపు. చెవులు చూపించుకోవడానికి వచ్చాడు, నేను చెవుల దాకా పోనే లేదు. రమ్ము ఎంత తాగుతున్నావని అడిగితే, ఆడవాళ్ళ వయసు మగవాళ్ళ రమ్ము అడక్కూడదన్నాడు. రక్తం ఫలితం వచ్చేదాకా చుక్క ముట్టనని ఒట్టు వేయించుకున్నాను. నా ముఖం చూసి భయపడ్డాడు. గ్రేటాకీ లోర్న్‌కీ చెరో చీటీ.

మబ్బు పట్టినప్పుడు జనం ఆరోగ్యంగా ఉంటారు, ఎండ రాగానే జబ్బు పడతారు. ఎవరైనా దీని మీద పరిశోధన చెయ్యాలి.

మే 20, మంగళవారం

ఈరోజు నా చేతులు చూసుకున్నాను. పసుపే. ఎక్కువ తింటే ఒళ్ళు పసుపెక్కుతుందని క్యారెట్లు మానేశాను.

సబ్బు పొడి రెండోసారి మార్చాను. ఇదీ దండగే.

మే 23, శుక్రవారం

క్లినిక్ నుంచి నర్సు మిర్నా ఫోన్ చేసింది. యూనిస్ రక్తం శుభ్రంగా ఉందట. గ్రేటాదీ. లోర్న్ రక్తం మరీ శుభ్రంగా ఉందట, జీవితంలో మొదటిసారి వారం రోజులు రమ్ము మానడం వల్ల కాబోలు అంది. ఇకముందు చీటీ రాసేముందు కాస్త ఆలోచించమంది. మర్యాదగానే అంది. మిర్నా మర్యాదగా మాట్లాడితే ఒళ్ళు మండిందన్నమాట.

పరీక్ష యంత్రాలు పాతవై ఉంటాయి.

మే 27, మంగళవారం

రాయాలని లేదు.

సరే, రాస్తాను. పదకొండింటికి లోర్న్ ఫలితం కాగితం ఊపుకుంటూ వచ్చాడు. నేను నా కన్ను తప్పదన్నాను. అయితే మళ్ళీ చూడమని కుర్చీలో కూలబడ్డాడు. బయట ఎండ బ్రహ్మాండంగా ఉంది. తువ్వాలు కప్పాను. పసుపు. చూశావా అన్నాను. ఆయన నావంక చూడలేదు, తువ్వాలు వంక చూశాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను.

"ఆర్డిత్, నలభై ఏళ్ళుగా పడవలకి రంగులేస్తున్నా. ఎర్ర పడవ పక్కన కూచుంటే నా గడ్డం ఎర్రగా ఉంటది, నీలం పడవ పక్కన నీలంగా ఉంటది. నీ ఎదురుగా ఉన్నదేంటో ఒకసారి చూడు తల్లీ."

చూశాను. నాలుగేళ్ళుగా చూడనని ఒట్టు పెట్టుకున్న వైపు. దక్షిణపు ఎండ మొత్తం వెల్డా గోడ మీద పడి, అక్కడి నుంచి సరాసరి నా కిటికీలోకి, నా కుర్చీలోకి, నా తువ్వాలు మీదికి. నా వెలుగు, నా ఉత్తరపు వెలుగు, ఎవరి దీపమూ అక్కర్లేదని పద్దెనిమిదేళ్ళు గొప్పలు చెప్పుకున్న వెలుగు, గుడ్డు సొన.

లోర్న్ నేల మీద కూచుని నవ్వాడు. నీళ్ళిచ్చాను. తాగలేక మళ్ళీ నవ్వాడు. పన్నెండు రోజుల రమ్ముకి నేను బాకీ అన్నాడు. ఇక్కణ్ణించి తిన్నగా రేవుకి పోతాడు. రేవుకి చెప్తే ఊరికి చెప్పినట్టే.

మే 29, గురువారం

బేకరీలో అమ్మాయి రొట్టె కాగితంలో చుడుతూ, కాస్త పసుపుగా ఉంది కానీ భయం లేదంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాపుకోలేక దగ్గారు.

యూనిస్ ఒక్కతే కోపగించుకుంది. వీలునామా తిరగరాయించిందట. తన చెల్లెలికి పియానో ఇచ్చేసినట్టు రాసి, చెప్పేసింది కూడా. ఇప్పుడు వెనక్కి అడగలేదు.

మే 31, శనివారం

లాబ్‌స్టర్ వేట ముగిసింది, బుట్టలన్నీ ఒడ్డుకెక్కాయి. ఏటా ఈ వారం చెవులవాళ్ళు మెట్ల మీద వరస కడతారు. ఈ వారం ఒక్కడు రాలేదు. గట్టు మీద గుంపులో ఎదురైనవాడిని అడిగాను, చెవులు చూపించవా అని. నవ్వి, ఏ రంగులో ఉన్నాయని చెప్తావు అన్నాడు. వాడి ఎడమ చెవి మీద నిరుడు లేని మచ్చ ఒకటి ఉంది. ఆ మాటే చెప్పాను. అందరూ ఇంకా నవ్వారు.

నవ్వుకి నేను చావను. ఆ చెవికి భయంగా ఉంది.

జూన్ 2, సోమవారం

వెల్డా వీధి దాటింది.

నాలుగేళ్ళలో మొదటిసారి నా తలుపు తోసుకుని వచ్చి, అడక్కుండా కుర్చీలో కూచుని, ముఖం కిటికీ వైపు తిప్పింది. ముఖం మీద పూత ఎప్పటిలాగే మందంగా ఉంది.

"చెప్పవే. నాకూ కామెర్లేనా?"

"అందరిలాగే నువ్వూ పసుపే. నీ గోడ పుణ్యం."

ఇద్దరం నవ్వాం. ముందు ఆమె నవ్వింది, అది స్పష్టంగా రాసి పెట్టుకుంటున్నాను. గోడ కావాలని వేయించావా అని అడిగితే, అంత తెలివే ఉంటే నీతో పంతొమ్మిదేళ్ళు వేగేదాన్నా అంది. టీ పెట్టాను. రెండు గుక్కలు తాగి వదిలేసింది, ఈ మధ్య టీ వాసన పడటం లేదట. ఒళ్ళంతా దురద, కొత్త రంగు వాసనకేమో అంది, మోచేతులు గోక్కుంటూ. నిజానికి పోయిన వారం అద్దంలో కళ్ళు ఎలాగో కనిపిస్తే మిర్నా దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకుందట. తర్వాత నా సంగతి తెలిసి, అద్దం ఉన్నది కూడా వీధి వైపే, వీధంతా గోడ రంగే కదా అని నవ్వుకుని మానేసిందట.

మంచి పని చేశావన్నాను.

పోతూ పోతూ, కుండ తిరిగిస్తాలే అంది. ఇవ్వదు.

జూన్ 5, గురువారం

పొద్దున్న దట్టమైన పొగమంచు. రేవు కనబడలేదు, గోడ మీద ఎండ లేదు, గోడ బూడిద రంగులో ఉంది. ఇలాంటి వెలుగంటే నాకు ప్రాణం. నాలుగు వైపుల నుంచీ మెత్తగా వస్తుంది, ఎక్కడా నీడ పడదు, ఎవరి రంగు వాళ్ళకే ఉంటుంది.

వెల్డా చెత్త సంచి పెట్టడానికి బయటికొచ్చింది. ఎవరూ చూడరనుకుని పూత లేకుండా వచ్చింది. చెయ్యి ఊపాను. చెయ్యి ఊపింది. పది అడుగుల దూరం ఉంటుందేమో.

ఏమీ లేదు. నిద్ర చాల్లేదేమో.

జూన్ 6, శుక్రవారం

గోడ రంగే.

పొగమంచులో కూడా గోడ రంగు కొంచెం వస్తుంది. రావచ్చు.

జూన్ 7, శనివారం

రాదు. ఈరోజూ పొగమంచే. నా తువ్వాలు తెచ్చి కిటికీలో పట్టి చూశాను, పాలలా తెల్లగా ఉంది. నా చేతులు చేతుల రంగులో ఉన్నాయి.

అయినా నాకెందుకు. మూడు చీటీలు రాశాను, మూడూ తప్పే. నాలుగోది ఎవరి పేరు మీద రాయాలి, నాకు ఎవరి మీద పగ ఉందని ఊరంతా అనుకుంటుందో ఆవిడ పేరు మీదేనా? పగ తీర్చుకుంటోందంటారు. వెల్డా ముందుగా అంటుంది. ఇక చెవులవాళ్ళు జన్మలో నా మెట్లెక్కరు. ఆ ఎడమ చెవి అలాగే సముద్రం మీదికి పోతుంది.

రూబార్బ్ కాడల తీపి రొట్టె చేశాను. ఇద్దరికి సరిపడా చేశాను, అలవాటు. ఒక్క ముక్క కూడా దిగలేదు.

జూన్ 8, ఆదివారం

మంచి పని చేశావన్నాను నేను. నా నోటితో నేనే అన్నాను.

జూన్ 9, సోమవారం

ఎండ కాసింది. తొమ్మిదిన్నరకి తువ్వాలు తడిపి, క్రీము సీసా జేబులో వేసుకుని వీధి దాటాను.

వెల్డా దీపాల మధ్యలో నిలబడి గ్రేటాకి పెట్టుడు కనురెప్పలు అంటిస్తోంది. ఆ దీపాల కింద ఇద్దరూ పీచ్ పళ్ళలాగే ఉన్నారు. నాతో రా అన్నాను. పనిలో ఉన్నానంది. దీపాల మీట కట్టేశాను. కట్టేస్తే లాభమేముంది, కిటికీలోంచి వచ్చేది వీధి వెలుగే, వీధంతా సొన రంగే. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. ఆమె నాకంటే బరువు, కాని దారంతా ఆశ్చర్యంతోనే వచ్చింది. వెనకాల ఒక కంటికి రెప్పలు, ఒక కంటికి లేకుండా గ్రేటా.

రేవు చివరిదాకా నడిపించాను. అక్కడ గోడ లేదు, పడవ లేదు, నాలుగు పక్కలా నీళ్ళూ ఆకాశమూ. వలలు బాగుచేస్తున్నవాళ్ళంతా చేతులాపి చూశారు. లోర్న్ బ్రష్ పట్టుకుని నిలబడ్డాడు. అంతమంది ముందు ఆమె ముఖానికి క్రీము రాసి తడి తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాను. వెల్డా నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, కొన్ని నాకూ కొత్తే. పెళ్ళి రోజున కూడా పూత లేకుండా ఎవరికీ కనబడని మనిషి. ఏడ్చింది కూడా. నేను తుడుస్తూనే ఉన్నాను.

ఎవరో వెనకనుంచి, ఈసారి ఏ గోడ ఆర్డిత్ అన్నారు. అందరూ నవ్వారు.

లోర్న్ బ్రష్ డబ్బాలో పెట్టి దగ్గరికొచ్చాడు. ముందు ఆకాశం చూశాడు, చుట్టూ చూశాడు, రంగు ఎక్కణ్ణించైనా పడుతోందా అని. ఎక్కణ్ణించీ పడటం లేదు. నా చేతిలో తువ్వాలు తెల్లగా ఉంది, పూత మరకలు తప్పిస్తే. అప్పుడు వెల్డా కళ్ళలోకి చూశాడు.

లోర్న్ నవ్వలేదు. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే ఆపేశారు.

"వెల్డమ్మా, పద. నా బండిలో దింపుతా," అన్నాడు మెల్లగా.

క్లినిక్‌లో మిర్నా నన్ను చూసి పెన్ను కింద పెట్టింది. నా మాట వినొద్దన్నాను, నా చీటీ చూడొద్దు, ఆమెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కన్ను ఒక్కటి చూడమన్నాను. వాళ్ళ కిటికీ ఎదురుగా ఉన్నది గడ్డి మైదానం, అది కూడా చెప్పాను. మిర్నా చూసింది. దురద ఎన్నాళ్ళ నుంచని అడిగింది. మూడు వారాలంది వెల్డా, చిన్న గొంతుతో. ఇంకా కొన్ని అడిగింది, అవి మర్యాదస్తులు రాసుకునేవి కావు. అన్నిటికీ వెల్డా తల ఊపింది. మిర్నా హాలిఫాక్స్ పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. నా భుజం మీద చెయ్యి వేసింది.

జూన్ 10, మంగళవారం, హాలిఫాక్స్

పిత్తనాళంలో రాయి ఇరుక్కుందట. చీము పట్టేముందు వచ్చారన్నాడు డాక్టరు, ఇంకో వారం ఆగితే కథ వేరుగా ఉండేదట. నేను ఆగిన నాలుగు రోజులు లెక్క పెట్టుకున్నాను. వెల్డాకి చెప్పాను కూడా, గురువారమే కనిపించిందని, పరువు కోసం ఆగానని. 

"నేనైతే నెల ఆగేదాన్ని," అంది.

అబద్ధం. ఆ మాట నాకోసం అంది.

కాగితాలు నింపే అమ్మాయి వచ్చి, ఈవిడ మీకేమవుతారని వెల్డాని అడిగింది. శత్రువు, రాసుకో అంది. ఆ అమ్మాయి ఫారంలో అటువంటి గడి లేదంది. మరేమున్నాయని వెల్డా అడిగి, అన్నీ చదివించుకుని, అక్క అని రాయించింది. నేను పెద్దదాన్నని నలుగురిలో చెప్పడం ఆమెకి ఎప్పుడూ ఇష్టమే. మా ఇద్దరికీ తేడా పదకొండు వారాలు.

రేపు గొంతులోంచి గొట్టం పంపి రాయి తీస్తారు.

జూన్ 11, బుధవారం

తీశారు. బఠాణీ అంత. చేతులు కడుక్కుని వస్తానని చెప్పి మెట్ల మీదకి పోయి ఏడ్చి వచ్చాను.

జూన్ 12, గురువారం

లోర్న్ ఫోన్ చేశాడు. ఎడమ చెవివాడిని తనే చెవి పట్టుకుని మిర్నా దగ్గరికి లాక్కుపోయాడట. నేను రాగానే మిగతా చెవులన్నీ చూడాలట, నా కొట్టులో మాత్రం కాదట, రేవు చివర కుర్చీ వేస్తారట. వర్షం వస్తే ఏం చెయ్యాలో వాళ్ళే ఆలోచిస్తున్నారు.

ఈ గదిలో అన్నీ ట్యూబ్‌లైట్లు. వాటి కింద బతికున్నవాళ్ళు కూడా పోయినట్టే ఉంటారు. వెల్డా మంచానికి చక్రాలున్నాయి కాబట్టి, నర్సు చూడకుండా కిటికీ దాకా తోశాను. ఉత్తరం కాదు, తూర్పు, ఏం చేస్తాం. కళ్ళింకా పసుపుగానే ఉన్నాయి, నిన్నటి మీద కాస్త నయం. జుట్టు ఒక పక్కకి అణిగిపోయింది. బుగ్గ మీద దిండు ముడతలు. అరవై రెండేళ్ళూ ముఖం మీద ఉన్నాయి, ఒక్కటీ తక్కువ లేదు. అద్దం అడిగింది. ఇవ్వలేదు.

"అయితే నువ్వే చెప్పు. ఎలా ఉన్నాను?"

"ఘోరంగా ఉన్నావు."

నా ముఖంలోకి వెతికినట్టు చూసింది, ఇంకేమైనా దాస్తున్నానా అని. దాయడం లేదు.

"సరే, అంతే కదా," అని నా చెయ్యి మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు. నర్సు వచ్చి మంచం ఎవరు కదిపారని అడిగితే, నాకు తెలియదన్నాను.